బేబీ షాంపూకి ఇక రిటైర్మెంటు ఇద్దాం

మన సాఫ్ట్‌వేరు జనాలు నలుగురు కలిస్తే నడుం నొప్పి గురించో, మెడ నొప్పి గురించో, ఎసిడిటీ గురించో మాట్లాడుకుంటారు గానీ కనురెప్పల గురించి మాట్లాడుకోగా నేనెప్పుడూ వినలేదు. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉండడం, అంచులు ఎర్రబడి దురద, కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర, వెంట్రుకల మొదళ్ళలో చుండ్రులాంటి పొట్టు, ఏడాదికి రెండు మూడుసార్లు కంటికురుపు... ఇన్ని ఉన్నా "రాత్రి రిలీజు ఉంది కదా, నిద్ర చాల్లేదు" అని సరిపెట్టేసుకుంటాం. నిద్ర చాలకపోవడం నిజమే కావచ్చు. కానీ ఇవి నెలల తరబడి పోతూ వస్తూ ఉంటే దానికో పేరుంది: బ్లెఫరైటిస్. రెప్పల అంచులు ఎప్పుడూ వాచి ఉండే జబ్బు. నాకు ఏడేళ్ళుగా ఉంది. కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త అనుభవం, కాస్త చదువు, బోలెడన్ని అభిప్రాయాలు ఉన్నాయి. డాక్టర్ని మాత్రం కాను. ఇది చదివి మందులు మార్చేసుకోకండి, మీ డాక్టర్ని సరైన ప్రశ్నలు అడగండి. నాక్కావలసింది అంతే.

ఈ ఏడేళ్ళలో ముగ్గురు కంటి డాక్టర్లని చూశాను. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురూ పరీక్ష చేసి, చుక్కల మందు రాసి, నేను కుర్చీలోంచి లేస్తుండగా చెప్పిన మాట ఒకటే: "రోజూ బేబీ షాంపూతో రెప్పలు కడుక్కోండి." ఎంత షాంపూకి ఎన్ని నీళ్ళు? దూదితోనా, ఇయర్‌బడ్‌తోనా, వేలితోనా? ఎన్నాళ్ళు? ఏదీ లేదు. చుక్కల మందుకి మాత్రం రోజుకి ఎన్నిసార్లో, ఎన్ని రోజులో కాగితం మీద స్పష్టంగా ఉంటుంది. తమాషా ఏంటంటే ఈ జబ్బులో అసలు వైద్యం ఆ చివరి ఐదు సెకన్ల మాటే, చుక్కల మందు కాదు. రెప్పల శుభ్రతే మొదటి మెట్టని డాక్టర్లే ఒప్పుకుంటారు. మరి మొదటి మెట్టుని తలుపు దగ్గర చెప్పి పంపించేస్తే ఎలా?

సరే, అసలు విషయానికొద్దాం. కడుక్కోవడం అన్నాక దేనితో కడుక్కోవాలి? షాంపూ, వైప్స్, ఫోమ్, స్ప్రే, టీ ట్రీ ఆయిల్, ఆముదం, ఆసుపత్రుల్లో మిషన్లు. ఏది దేనికి పనికొస్తుందో తెలియాలంటే ముందు రెప్పలో ఏం జరుగుతోందో రెండు ముక్కల్లో చూడాలి.

మన రెప్పల అంచుల్లో, వెంట్రుకల వెనకాల, వరసగా నూనె గ్రంథులు ఉంటాయి. పై రెప్పలో ఓ ముప్పై, కింది రెప్పలో ఓ పాతిక అనుకోండి. 17వ శతాబ్దంలో వీటిని వర్ణించిన హైన్రిష్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడి పేరు మీద మైబోమియన్ గ్రంథులంటారు. మనం రెప్ప వేసిన ప్రతిసారీ ఇవి కొంచెం నూనె వదుల్తాయి. ఆ నూనె కన్నీటి మీద పల్చటి పొరలా పరుచుకుని, నీరు ఆవిరైపోకుండా కాపాడుతుంది. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్ల దాకా రెప్ప వేసే మనిషి స్క్రీను ముందు కూర్చుంటే అందులో సగం కూడా వెయ్యడు. వేసినా సగమే మూస్తాడు. గ్రంథుల్లో నూనె కదలదు, చిక్కబడుతుంది, గడ్డ కట్టి రంధ్రానికి మూత పడుతుంది. మన వృత్తికీ ఈ జబ్బుకీ చుట్టరికం అక్కడే.

జబ్బు ముఖ్యంగా రెండు చోట్ల వస్తుంది. రెప్ప ముందు వైపు, అంటే వెంట్రుకల మొదళ్ళ దగ్గర బాక్టీరియా వల్లో, చుండ్రు వల్లో. వెనక వైపు, ఇప్పుడు చెప్పిన నూనె గ్రంథులు మూసుకుపోవడం వల్ల. మూడో శాల్తీ డెమోడెక్స్. మిల్లీమీటరులో మూడో వంతుండే ఎనిమిది కాళ్ళ పురుగు. వెంట్రుకల కుదుళ్ళలో కాపురం ఉంటుంది. అసహ్యించుకోకండి, వయసు పెరిగేకొద్దీ దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. సంఖ్య మితిమీరితేనే గొడవ. వెంట్రుక మొదలు చుట్టూ గొట్టంలా, మైనం పూసినట్టు పొట్టు కనిపిస్తే అది దాని గుర్తు. స్లిట్ ల్యాంపు కింద కిందికి చూడమని పై రెప్ప వెంట్రుకల్ని చూస్తే డాక్టరుకి నిమిషంలో తెలిసిపోతుంది.

అందుకే "ఏది బెస్టు?" అని అడగడంలోనే తిరకాసుంది. లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసినట్టే అది. మీకున్నది ముందుదా, వెనకదా, పురుగా అన్నది తేలకుండా ఏ క్లెన్సరూ బెస్టు కాదు. చాలామందికి రెండు మూడు కలిసే ఉంటాయి, అది వేరే సంగతి.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

బేబీ షాంపూ. దశాబ్దాలుగా ఉన్న సలహా. చవక, ప్రతి కిరాణా కొట్లోనూ దొరుకుతుంది, కళ్ళు మండవు. అయితే "మండదు" అంటే "మంచిది" అని కాదు. దీని మీద 2018లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం నాకు భలే నచ్చింది, ఎందుకంటే అది శుద్ధమైన ఏ/బీ టెస్టింగ్. బ్లెఫరైటిస్ ఉన్న 43 మందిని తీసుకుని, ఒక్కొక్కరికీ ఒక కంటికి నీళ్ళు కలిపిన బేబీ షాంపూ, రెండో కంటికి రెప్పల కోసమే తయారుచేసిన ఫోమ్ క్లెన్సర్. రోజుకి రెండుసార్లు, 4 వారాలు. వాడేవాళ్ళకీ, పరీక్షించేవాళ్ళకీ ఏది ఏ కంటికో తెలీదు. ఇద్దరు వేరు వేరు మనుషుల్ని పోలిస్తే వయసు, నిద్ర, ఏసీ, తిండి అని వంద తేడాలుంటాయి. ఇక్కడ పోటీ ఒకే మనిషి కుడి కంటికీ ఎడమ కంటికీ మధ్య. ఇంతకన్నా మంచి కంట్రోల్ ఎక్కడ దొరుకుతుంది?

ఫలితం ఏమిటంటే, బాధలు రెండు కళ్ళలోనూ తగ్గాయి. అంటే షాంపూతో కడిగినా హాయిగా అనిపించింది. కానీ కన్నీటి మీది నూనె పొర మెరుగుపడడం, వాపుని సూచించే ఎంఎంపీ-9 అనే ఎంజైము తగ్గడం ఫోమ్ వాడిన కంట్లోనే కనిపించాయి. షాంపూ వాడిన కంట్లో నూనె గ్రంథుల రంధ్రాలకి మూతలు పడడం పెరిగింది. కన్నీరు కంటికి అంటిపెట్టుకుని ఉండడానికి సాయపడే మ్యూసిన్ అనే జిగురు పదార్థం తయారీ తగ్గింది. నాకు ఆలోచిస్తే ఇందులో వింతేమీ కనిపించలేదు. షాంపూ పనే నూనెని వదలగొట్టడం. నూనె పొర చాలక ఏడుస్తున్న కంటి దగ్గరికి నూనె వదలగొట్టేదాన్ని పంపిస్తున్నాం.

43 మంది, 4 వారాలు చిన్న అధ్యయనమే. పోల్చింది ఒక్క రకం క్లెన్సర్‌తోనే. దీన్నిబట్టి బేబీ షాంపూ విషం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ నా దృష్టిలో ఇది డిఫాల్ట్ సెట్టింగుగా ఉండాల్సిన వస్తువు కాదు. బాధ తగ్గుతూ లోపల పరిస్థితి దిగజారడం అన్నది మనకి బాగా తెలిసిన ప్రమాదమే: డాష్‌బోర్డ్ అంతా ఆకుపచ్చ, డిస్కు మాత్రం నిండిపోతూ ఉంటుంది.

రెప్పల కోసమే చేసిన ఫోములు, వైప్స్. నా ఓటు వీటికే, ముఖ్యంగా ముందు వైపు జబ్బుకి. ఇబ్బంది ధర. ఇది వారం రోజుల మందు కాదు, ఏళ్ళ తరబడి వాడాల్సింది. రోజుకి రెండు వైప్స్ చొప్పున ఏడాదికి 730. అవి తడారిపోయిన గుడ్డముక్కలుగా చెత్తబుట్టలో పడతాయి. నా మటుకు నేను ఫోమ్ వాడతాను, సీసా ఎక్కువ రోజులొస్తుంది. బాధ ఎక్కువగా ఉన్నప్పుడు రోజుకి రెండుసార్లు, నిమ్మళించాక ఒకసారి. కొనేముందు లేబుల్ చదవండి. సువాసన కలిపినవి, ఆల్కహాల్ ఉన్నవి వద్దు. మేకప్ తుడిచే వైప్స్ ఇవీ ఒకటే అనుకోవద్దు.

హైపోక్లోరస్ యాసిడ్ స్ప్రే. పేరు చూసి భయపడక్కర్లేదు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని చంపడానికి తయారుచేసుకునే పదార్థమే ఇది. స్ప్రేల్లో 0.01% ఉంటుంది. రెప్పల చర్మం మీద బాక్టీరియాని బాగా తగ్గిస్తుంది, మంట ఉండదు. కానీ ఇది సబ్బు కాదు, పేరుకున్న పొట్టునీ జిడ్డునీ వదిలించలేదు. డెమోడెక్స్ మీద దీని ప్రభావం అంతంత మాత్రం. కడిగిన తర్వాత వాడితే అర్థం ఉంది గానీ కడగడానికి బదులు వాడితే లేదు. ఎండకీ వేడికీ పాడైపోతుంది కాబట్టి మే నెల హైదరాబాదులో కారు డాష్‌బోర్డు మీద పెట్టి మర్చిపోయిన సీసా వల్ల ఉపయోగం ఉండదు. ఇంట్లో బాత్రూం కడిగే బ్లీచు కూడా ఇదేగా అని తెలివితేటలు చూపించేవాళ్ళుంటారు, అది సోడియం హైపోక్లోరైట్. కంటి దరిదాపులకి తేవద్దు.

టీ ట్రీ ఆయిల్. డెమోడెక్స్ ఉందని తెలిస్తే నెట్టంతా దీన్నే చెప్తుంది. దీనికి మూలం ఉంది. 2005లో ప్రచురించిన ఒక ప్రయోగంలో సగం పాళ్ళు బేబీ షాంపూ ఉన్న ద్రావణంలో కూడా ఈ పురుగులు 150 నిమిషాలకి పైగా బతికాయి. టీ ట్రీ ఆయిల్‌లో పావుగంటకే చచ్చాయి. అందులో పనిచేసే ముఖ్యమైన పదార్థం టెర్పినెన్-4-ఆల్ అని తర్వాత తేల్చారు, దాంతో చేసిన వైప్స్ వచ్చాయి. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. చిక్కటి నూనె కంటికి తగిలితే మంట మామూలుగా ఉండదు, కార్నియా దెబ్బతింటుంది. టెర్పినెన్-4-ఆల్ నూనె గ్రంథుల కణాలకి హాని చేస్తుందని ల్యాబులో పెంచిన కణాల మీద చూశారు. 2020లో కాక్రేన్ సంస్థ ఉన్న అధ్యయనాలన్నీ కలిపి చూసి, టీ ట్రీ ఆయిల్ ఉపయోగం మీద ఆధారాలు గట్టిగా లేవనే చెప్పింది. కాబట్టి ఆన్‌లైన్లో చిన్న సీసా కొనేసి ఇంట్లో నీళ్ళు కలుపుకునే ప్రయోగాలు వద్దంటే వద్దు.

డెమోడెక్స్‌కి అసలు మందు 2023 జులైలో వచ్చింది. లోటిలానర్ 0.25% చుక్కలు, అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. కుక్కలకి గోమార్ల మందుగా వాడే పదార్థమే అది :) రోజుకి రెండుసార్లు, 6 వారాలు. పురుగు జీవితకాలం రెండు మూడు వారాలు కాబట్టి రెండు తరాలు గట్టెక్కకుండా చూడడమన్నమాట. రెండు పెద్ద ట్రయల్స్‌లో రెప్పల మీద పొట్టు దాదాపు పూర్తిగా పోయినవాళ్ళు ఒకదాంట్లో 44%, ఇంకోదాంట్లో 56%. మందులేని చుక్కలు వేసుకున్నవాళ్ళలో 7%, 13% దగ్గర. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఏళ్ళ తరబడి టీ ట్రీ వైప్స్ మీద డాలర్లు పోస్తుంటే, ఒకసారి డాక్టరుతో వెంట్రుకల మొదళ్ళు చూపించుకుని దీని గురించి అడగడం మంచిది. ఇన్సూరెన్సు ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

ఆముదం. నవ్వకండి. ఆక్లండ్ వాళ్ళే 2021లో 26 మంది మీద ప్రచురించారు. ఒక కంటి రెప్పలకి రోజుకి రెండుసార్లు ఆముదం, రెండో కంటికి ఏమీ లేదు, 4 వారాలు. ఆముదం రాసిన రెప్పలు మెరుగుపడ్డాయి. "చూశారా, మా అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది" అని ఫార్వర్డు కొట్టేముందు రెండు మాటలు. అక్కడ పోల్చింది ఏమీ రాయకపోవడంతో. ఏదో ఒకటి రాసి రుద్దడం వల్ల వచ్చే లాభమెంత, ఆముదం వల్ల వచ్చిందెంత అన్నది విడదీయలేం. రెండోది, అక్కడ వాడిన నూనె వేరు, మన గానుగ దగ్గర ప్లాస్టిక్ సీసాలో పట్టించుకున్న నూనె వేరు. అమ్మమ్మల మీద నాకు గౌరవమే. వాళ్ళు అదే చేత్తో కంటి లోపలి అంచుకి దట్టంగా కాటుక కూడా పెట్టారు. ఆ కాటుక సరిగ్గా నూనె గ్రంథుల నోళ్ళ మీదే కూర్చుంటుంది. జబ్బున్నవాళ్ళు ముందు మానాల్సింది అదే.

మిషన్లు. ఒక ఆసుపత్రిలో నాకు కన్నీటి పరీక్ష అయిన పది నిమిషాల్లోనే ప్యాకేజీ ధరల కాగితం చేతిలో పెట్టారు. రెప్పల్ని లోపలి నుంచి వేడిచేసి నొక్కే మిషను, 12 నిమిషాల పని. మిషను పనిచెయ్యదని అనను. వేడి చేసి నొక్కడం సరైన పద్ధతే. కానీ ఈ రకం మిషన్లలో పేరున్న లిపిఫ్లో మీద 2024లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, మిగతా మామూలు వైద్యాలతో పోలిస్తే పెద్ద తేడా ఏమీ చూపించలేదని తేల్చింది. రోజూ చేసుకోవాల్సినవి మూడు నెలలు సరిగ్గా చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఆలోచించవచ్చు. మొదటి రోజే అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం పర్సు మీద చెయ్యి వేసుకోండి.

ఇంతకీ కాసు ఖర్చు లేనిది, వెనక వైపు జబ్బుకి అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది: కాపడం. దీన్నే అందరూ తప్పుగా చేస్తారు. మూసుకుపోయిన గ్రంథుల్లో నూనె కరగాలంటే మామూలుకన్నా ఎక్కువ వేడి కావాలి. రెప్ప లోపలి వైపు 40 డిగ్రీల దగ్గరికి చేరాలి. వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. ఒకసారి పెట్టి తీసేస్తే ముఖం తడవడం తప్ప జరిగేదేమీ లేదు. రెండు నిమిషాలకోసారి మార్చుకుంటూ ఐదారు నిమిషాలైనా ఉంచాలి, లేదా వేడి నిలబడే కంటి మాస్కు కొనుక్కోవాలి. పెనం మీద గుడ్డ కాల్చి పెట్టుకోవడం మాత్రం వద్దు, ఎంత వేడో తెలీదు, రెప్పల చర్మం చాలా పల్చన. కాపడం అయిన వెంటనే శుభ్రమైన వేలితో పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి, అంచు వైపుగా నిమరాలి. ఆ తర్వాతే కడగడం. వరస మారిస్తే లాభం సగం.

ఇన్ని చెప్పాను గానీ, వీటిలో ఏదీ ఈ జబ్బుని శాశ్వతంగా పోగొట్టదు. 2012లో కాక్రేన్ 34 అధ్యయనాలు కలిపి చూసి చెప్పిందీ ఇదే: దీర్ఘకాల బ్లెఫరైటిస్‌ని నయం చేస్తుందని గట్టి ఆధారమున్న వైద్యం ఏదీ లేదు, రెప్పల శుభ్రత వల్ల ఉపశమనం ఉండొచ్చు. ఆ తర్వాత డెమోడెక్స్‌కి మందు రావడం పెద్ద మార్పే. మిగతా వాళ్ళకి మాత్రం ఇది పళ్ళు తోముకోవడం లాంటిదే. పళ్ళు తోమితే "నయమైపోయింది, ఇక మానేద్దాం" అని ఎవరూ అనుకోరు కదా. మనవాళ్ళు రెండు వారాలు చేసి, తగ్గిందని మానేసి, నెలకి మళ్ళీ వస్తే "ఆ క్లెన్సర్ పనిచెయ్యలేదు" అంటారు. మెయింటెనెన్సు ప్రాజెక్టుని డెవలప్‌మెంటు ప్రాజెక్టులా చూడడం వల్ల వచ్చే చిక్కు ఇది.

ఈ నిరాశలోంచే అసలు ప్రమాదం పుడుతుంది. నేను ఇంత పొడుగు రాయడానికి కారణం కూడా అదే. కడుక్కోవడం విసుగొచ్చినవాళ్ళు ఏం చేస్తారంటే, పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకెళ్ళి యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన చుక్కలు మళ్ళీ మళ్ళీ కొనేసుకుంటారు. రెండు రోజుల్లో ఎరుపు మాయమవుతుంది, అద్భుతంగా ఉంటుంది. డాక్టరు పర్యవేక్షణలో కొన్నాళ్ళు వాడితే అది మంచి మందే. నెలల తరబడి మీ అంతట మీరు వేసుకుంటే కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లాకోమా, కాటరాక్టు రావచ్చు. గ్లాకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. చూపు పోగొట్టని జబ్బుకి చూపు పోగొట్టగల మందు, అదీ చీటీ అడగకుండా ఇచ్చేస్తారు. మా ఆఫీసులోనే డ్రాయర్లో ఈ సీసా పెట్టుకుని తిరిగేవాళ్ళని ఇద్దర్ని చూశాను.

ఇంకొక్కటి. ఒకే రెప్ప మీద ఎంతకీ తగ్గని వాపు, అదే చోట పదే పదే వచ్చే గడ్డ, అక్కడ వెంట్రుకలు రాలిపోవడం ఉంటే బ్లెఫరైటిస్ అని ఊరుకోవద్దు. నూనె గ్రంథుల క్యాన్సరు ఈ వేషంలోనే వస్తుంది, పడమటి దేశాలకన్నా మన దగ్గర అది ఎక్కువ. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నొప్పి ఉన్నా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఈసారి కంటి డాక్టరు దగ్గరికెళ్తే మూడు ప్రశ్నలు అడగండి. నాది ముందు వైపుదా, వెనక వైపుదా? వెంట్రుకల మొదళ్ళలో డెమోడెక్స్ గుర్తులున్నాయా? ఈ చుక్కల్లో స్టెరాయిడ్ ఉందా, ఉంటే ఏ రోజు ఆపాలి? మూడింటికీ కలిపి రెండు నిమిషాలు పట్టదు. "బేబీ షాంపూతో కడుక్కోండి" అంటే, లేచి వచ్చెయ్యకుండా, ఎందుకు, ఎలా, ఎన్నాళ్ళు అని ఆగి అడగండి. క్లయింటు రిక్వైర్‌మెంటు ఒక్క లైనులో ఇస్తే మనం ఊరుకుంటామా?